కారింది ఇంజను, కోసింది డ్రైవరు జీతం



మన మిల్లు గేటు దాటగానే ఎడమ పక్కన, లారీ నిలిపేచోట, నేలమీద ఒక నల్లటి మరక ఉంది. మూడు షిఫ్టుల వాళ్ళమూ దాన్ని తొక్కకుండా పక్కకు జరిగి పోతూ వచ్చాం. ఎనిమిది నెలలపాటు ఆ మరక రోజురోజుకూ పెరుగుతుంటే చూశాం. ఎక్కడినుంచి వస్తున్నదని మనలో ఒక్కరం కూడా అడగలేదు. ఆ మరక ఖరీదును ఒక మనిషి జీతంలోంచి మూడు నెలలు కోశారని తెలిసిన తరువాతే మనకు మెలకువ వచ్చింది. ఈ సంచికలో ఆ సంగతే రాస్తున్నాం. ఇది లారీ రిపేరు కథ. మగ్గం దగ్గరా, రింగ్ ఫ్రేము దగ్గరా నిలబడే మనకు దీనితో ఏం పని అని అనుకోకుండా చివరిదాకా చదవండి.

జరిగింది ఇది. నూలు సంచులు మోసే మన మిల్లు లారీ పాతది, ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను. ఇంజను ఆయిల్ తగ్గిపోతున్నదని డ్రైవరు లాగ్ బుక్కులో రాశాడు. మొదట నెలకు రెండు లీటర్లు పోసేవాడు, తరువాత నాలుగు, ఆ తరువాత ఏడెనిమిది. షెడ్డులో బండి కిందికి దూరి చూస్తే ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్యనుండే ఫ్లైవీలు హౌసింగు అడుగున చుక్క వేలాడుతూ కనబడింది. చూసినవాళ్ళందరూ ఒకటే మాట అన్నారు, క్రాంకు షాఫ్టు వెనక ఆయిల్ సీలు పోయిందని. గేరుబాక్సు దించారు, క్లచ్ విప్పారు, సీలు మార్చారు. రెండు రోజుల పని. నెల తిరక్కుండా మళ్ళీ చుక్క. మళ్ళీ దించారు, మళ్ళీ సీలు మార్చారు. మళ్ళీ చుక్క.

రెండుసార్లు కొత్త సీలు వేసినా కారుతున్నదంటే తప్పు బండిది కాదు, నడిపేవాడిది అని ఆఫీసులో తీర్మానించారు. ఇంజను అరిచేట్టు తోలుతున్నాడన్నారు. పోసిన ఆయిల్లో సగం అమ్ముకుంటున్నాడని కూడా ఎవరో ఒక మాట వేశారు. ఆ మాటకు సాక్ష్యం లేదు, విచారణ లేదు, కాగితం లేదు. జీతం చీటీలో మాత్రం 'ఆయిల్ నష్టం' అని ఒక వరస కొత్తగా వచ్చింది. మూడు నెలలు వచ్చింది.

ఇక్కడ మనల్ని మనమే అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ మూడు నెలలు యూనియన్ ఏం చేసింది? ఏమీ చేయలేదు. డ్రైవరు మన సభ్యుడే, చందా కడుతున్నాడు. కానీ మగ్గాల షెడ్డులో ఉండడు, మీటింగు రోజున రోడ్డు మీద ఉంటాడు, అతని గోడు వినడానికి మనకు తీరిక లేకపోయింది. 'లారీవాళ్ళ లెక్కలు మనకెందుకు' అని కమిటీలోనే ఒకరిద్దరం అన్నాం. ఆయిల్ అమ్ముకుంటున్నాడన్న పుకారును టీ బంకు దగ్గర మనమూ నమిలాం. ఈ తప్పును దాచుకోకుండా ఇక్కడ రాసుకుంటున్నాం.

ఇక అసలు సంగతికి వద్దాం. ఒకరోజు నూలు లోడుతో గౌరిబిదనూరు వైపునుంచి చిక్కబళ్ళాపురానికి పోతూ మన లారీ మంచేనహళ్ళిలో ఆగిపోయింది. ఒకప్పుడు గౌరిబిదనూరు తాలూకాలో ఉండి, ఇప్పుడు తానే తాలూకా అయిన ఊరు అది. గేటు ముందు నూలు బండ్లూ, మొక్కజొన్న బండ్లూ, ఇటుక బండ్లూ పోతూనే ఉంటాయి. రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఒక పెద్దవయసు మెకానిక్ ఉన్నాడు. డిప్ స్టిక్కు మీద ఆయిల్ కింది గీతకు దిగిపోయింది. ఆ రోజు లారీలో మన కమిటీ మనిషి ఒకరు వేరే పనిమీద ఎక్కి ఉండబట్టి ఈ వివరమంతా మనకు దక్కింది.

ఆ మేస్త్రి స్పానరు పట్టుకోలేదు. ముందు డ్రైవరును కూర్చోబెట్టి అడిగాడు: "ఎప్పుడు కారతాందన్నా? పొద్దున స్టార్టు చేస్తానే కారతాందా, తోలినాకనా? ఎత్తెక్కేటప్పుడా, దిగేటప్పుడా?"

డ్రైవరు చెప్పాడు: "చల్లగా ఉన్నప్పుడు ఏమీ లేదు మేస్త్రీ. లోడుతో ఎత్తెక్కితే ఎక్కువ. దిగేటప్పుడు తక్కువ. షెడ్డులో నిలబెట్టి చూస్తే చుక్క రాలేదంటారు, రోడ్డు మీద నాకు లీటర్లు పోతాంది."

ఎనిమిది నెలల్లో ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. రిపేరులో సగం ఈ జవాబులోనే ఉంది.

తరువాత మేస్త్రి ఇంజను వెనక భాగమంతా కిరోసినుతో కడిగించి, గుడ్డతో తుడిపించి ఆరబెట్టించాడు. నెలల తరబడి పేరుకున్న జిడ్డులో కొత్త చుక్క ఎక్కడ పుట్టిందో బ్రహ్మకు కూడా తెలియదు కాబట్టి. ఆరిన తరువాత ముఖానికి పూసుకునే పౌడరు ఒక డబ్బా తెప్పించి ఇంజను మీద పలచగా చల్లాడు. మన మనిషి ముగ్గుపిండి చాలదా అని అడిగితే, వద్దన్నాడు. ముగ్గుపిండి రాతిపొడి, ఎక్కడైనా లోపలికి పోతే బేరింగును అరగదీస్తుందట. పౌడరు తెల్లగా ఉంటుంది, దానిమీద నూనె తగిలినచోట వెంటనే నల్లటి దారి కనబడుతుంది.

అట్లా చేసి లోడుతోనే ఎత్తు మీదికి తోలించాడు. గౌరిబిదనూరుకన్నా చిక్కబళ్ళాపురం రెండువందల మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఆ దారిలో ఇంజనుకు పని తప్పదు. ఎత్తెక్కి ఆపి, ఇంజను తిరుగుతుండగానే టార్చి వేసి చూశాడు. పౌడరు మీద దారి స్పష్టంగా ఉంది. నూనె మొదలైనది కింద కాదు. ఇంజను నెత్తిన ఉండే టాపెట్ కవరు వెనక మూలనుంచి బయటికొచ్చి, బ్లాకు వీపు మీదుగా జారి, హౌసింగు మీదికి దిగి, అడుగున ఉన్న రంధ్రం దగ్గర చుక్కగా వేలాడుతున్నది. చుక్క పడేచోటును బట్టి రెండుసార్లు గేరుబాక్సు దించారు. తడి మొదలైనచోటు ఎవరికీ కనబడలేదు. నూనె కిందికి జారుతుంది, గాలి దాన్ని వెనక్కి తోస్తుంది. కాబట్టి లీకు వెతికేవాడు అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు తడిసినచోటు ఏదో చూడాలి.

టాపెట్ కవరు గ్యాస్కెట్ మారిస్తే పని అయిపోయినట్టేనా? మన కమిటీ మనిషి అదే అడిగాడు. మేస్త్రి నవ్వి, "గ్యాస్కెట్ ఎందుకు పోయిందప్పా? అది చూడకుండా మారిస్తే ఇంకో నెలకు మళ్ళా నా దగ్గరికే వస్తారు" అన్నాడు.

ఇక్కడ ఇంజను గురించి ఒక్క విషయం తెలుసుకోవాలి. సిలిండరులో మండిన గ్యాసు అంతా సైలెన్సరులోకి పోదు. కొంచెం పిస్టన్ రింగులను దాటి కిందికి, ఆయిల్ ఉండే క్రాంకు కేసులోకి దిగుతుంది. కొత్త ఇంజనులోనూ కొంత దిగుతుంది. లోడు పెరిగేకొద్దీ ఎక్కువ దిగుతుంది. ఆ గ్యాసు బయటికి పోవడానికి ఒక దారి పెడతారు, దాని పేరు బ్రీదరు పైపు. అంటే ఇంజను ఊపిరి వదిలే ముక్కు. ఆ ముక్కు మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. పెరిగిన ఒత్తిడి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడినుంచి నూనెను బయటికి తోస్తుంది: టాపెట్ కవరు కావచ్చు, క్రాంకు సీలు కావచ్చు, సంపు ప్యాకింగు కావచ్చు. ఒకచోట గట్టిగా మూస్తే ఇంకోచోట తన్నుకొస్తుంది.

మేస్త్రి ఆయిల్ పోసే మూత వదులు చేశాడు. ఆవిరి బుసబుసమని కొట్టింది. బ్రీదరు పైపు కింది కొన దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. అక్కడ ఏమీ రావడం లేదు. మూత దగ్గర గ్యాసు ఉంది, పైపు దగ్గర లేదు. అంటే దారి మధ్యలో మూసుకుపోయింది. ఇంజను దగ్గర ఆ పైపు ఊడదీశాడు. గ్యాసు ఒక్కసారిగా బయటికొచ్చింది. కొద్ది నిమిషాల్లో టాపెట్ కవరు మూల కారడం సన్నబడింది.

ఊడదీసిన పైపును చేతిలో పట్టుకొని చూస్తే, అది ఇంజనుకు వేసే నూనె తట్టుకునే రబ్బరు పైపు కాదు. తోటకు నీళ్ళు పట్టే ప్లాస్టిక్ పైపు. చల్లగా ఉన్నప్పుడు గుండ్రంగా నిలబడుతుంది. ఇంజను వేడెక్కి, వేడి గ్యాసూ నూనె ఆవిరీ తగిలితే మెత్తబడి, వంపు దగ్గర చెవి మడిచినట్టు మడిచిపోతుంది. షెడ్డులో చల్లటి బండిని చూసిన ప్రతివాడికీ పైపు బాగానే కనబడింది. రోడ్డు మీద, లోడు మీద, ఎత్తు మీద మాత్రం ఇంజనుకు ఊపిరాడలేదు. లీకు ఎనిమిది నెలలు మొండికేయడానికి కారణం ఇదే.

ఆ పైపు ఎట్లా వచ్చింది? లాగ్ బుక్కు తిరగేస్తే తేలింది. పాత రబ్బరు పైపు పగిలిందని డ్రైవరు రాసిచ్చాడు. స్టోర్సు నుంచి సరైన పైపు రాలేదు. ఖర్చు మిగులుతుందని ఉన్న నీళ్ళ పైపులో ముక్క కోసి ఇచ్చారు. అది వేసిన తరువాత 'ఎత్తున ఆయిల్ పోతున్నది, మూత దగ్గర పొగ వస్తున్నది' అని డ్రైవరు మూడుసార్లు రాశాడు. మూడుచోట్లా కింద సంతకం ఉంది. సంతకం పెట్టినవారు చదివిన గుర్తు లేదు.

మేస్త్రి సరైన రబ్బరు పైపు వేశాడు. టాపెట్ కవరును విప్పితే అంచు వంకర తిరిగి ఉంది. కారుతున్నదని ఎవరో బోల్టులను ప్రాణం పోయేట్టు బిగించారు; కార్కు గ్యాస్కెట్ నలిగి చీలిపోయింది, రేకు వంగిపోయింది. అంచును చదును బల్ల మీద పెట్టి సరిచేసి, కొత్త గ్యాస్కెట్ వేసి, నడుమనుంచి రెండు కొనలకూ కొంచెం కొంచెంగా బిగించాడు. సిలికాన్ పేస్టు దట్టంగా పులమబోతే క్లీనరు చెయ్యి పట్టుకున్నాడు. ఎక్కువైన పేస్టు లోపల ఊడి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడితే ఇంజనుకే చేటు. గేరుబాక్సు దించలేదు. క్రాంకు సీలు ముట్టుకోలేదు. వారం తోలిన తరువాత డిప్ స్టిక్కు మీద నూనె గీత దగ్గరే నిలిచింది. టాపెట్ కవరు మూల ఇంకా వేలితో తుడిచేంత చెమ్మ ఉంది, చుక్క మాత్రం పడడం లేదు.

అన్ని లీకులకూ ఇదే కారణమని మేము అనడం లేదు. బ్రీదరు బాగుండి కూడా గ్యాసు విపరీతంగా వస్తే రింగులు అరిగి ఉంటాయి. బ్రేకులకు గాలి పట్టే కంప్రెసరు అరిగినా దాని గాలి ఇంజనులోకి దిగి ఇదే పని చేస్తుంది. క్రాంకు షాఫ్టు మీద సీలు నోరు తగిలేచోట గాడి పడితే ఎన్ని కొత్త సీళ్ళు వేసినా నిలవవు. కొన్నిసార్లు కారేది ఇంజను ఆయిల్ కాదు, గేరు ఆయిల్. వాసన చూస్తేనే తెలుస్తుంది. కారణాలు చాలా ఉండబట్టే వెతకాలంటున్నాం. ముందే తీర్పు చెప్పి తరువాత స్పానరు పట్టుకుంటే ఇట్లాగే అవుతుంది.

'చుక్కే కదా' అనే మాట కూడా వద్దు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుందాం. సెకనుకు ఒక చుక్క పడితే గంటకు 3,600 చుక్కలు, అంటే 180 మిల్లీలీటర్లు. పది గంటల ప్రయాణంలో 1,800 మిల్లీలీటర్లు, రెండు లీటర్లకు దగ్గర. క్లచ్ ప్లేటుకు తగిలితే పట్టు జారుతుంది. కాలే సైలెన్సరు మనిఫోల్డు మీద పడితే మంట లేస్తుంది. వెనక ఉన్నది నూలు లోడు. ఆ మంటలో ముందు ఉండేది డ్రైవరు, క్లీనరు.

సోదరులారా, ఇప్పుడు మన షెడ్డుల్లోకి రండి. మగ్గం గేరు పెట్టె సీలు పోయి నూనె చిమ్ముతుంటుంది. బట్ట మీద మరక పడితే సెకండ్సు కింద రాసి ఎవరి ఇన్సెంటివ్ కోస్తున్నారు? రింగ్ ఫ్రేముల దగ్గర ఆయిలర్లను తగ్గించారు. ఒకే మనిషి ఎన్నో ఫ్రేములు చూడాలి కాబట్టి స్పిండిళ్ళకు ఒకచోట ఎక్కువ పోస్తాడు, ఒకచోట మానేస్తాడు. ఎక్కువైనచోట నూలు మరకపడుతుంది, తక్కువైనచోట స్పిండిలు వేడెక్కి అరుగుతుంది. మెమో ఎవరికి వస్తున్నది? నూనె పీల్చిన దూది పొట్టు నిప్పుకు సిద్ధంగా ఉంటుందని మనందరికీ తెలుసు. అది ఊడ్చలేదని ఊడ్చేవాళ్ళను తిడతారు. ఊడ్చే మనుషులను ఎంతమందిని తీసేశారో ఆ మాట మాత్రం రాదు. చుక్క పడ్డచోట ఎవడు నిలబడి ఉంటే వాడే దొంగ. లారీ కింద జరిగిందే మగ్గం కిందా జరుగుతున్నది.

ఇది మన కాలానికే వచ్చిన జబ్బు కాదు. బొంబాయి మిల్లుల్లో ఒకప్పుడు చెడిన బట్టను నేతగాడికే అంటగట్టి దాని ధర జీతంలో పట్టుకునేవారు. 1929లో వేసిన రాయల్ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో జుల్మానాలకూ కోతలకూ చట్టంతో హద్దు పెట్టాలని చెప్పింది. దాని తరువాతే 1936లో వేతన చెల్లింపు చట్టం వచ్చింది. కార్మికుడి నిర్లక్ష్యం వల్లనే నష్టం జరిగితే తప్ప కోయరాదనీ, జరిగిన నష్టానికి మించి కోయరాదనీ, కార్మికుడికి తన జవాబు చెప్పుకొనే అవకాశం ఇచ్చేవరకూ కోయరాదనీ ఆ చట్టం పదో సెక్షను చెప్పింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన 2019 నాటి వేతనాల కోడ్‌లోనూ ఈ రక్షణ ఉంది. కోతను రిజిస్టరులో రాయాలన్న నియమమూ ఉంది. మన డ్రైవరుకు ఏ నోటీసూ ఇవ్వలేదు. జవాబు అడగలేదు. అంటే కారణం తెలియకముందే కోసిన ఆ మూడు నెలల కోత, కారణం ఏదైనా సరే, చట్టానికి విరుద్ధమే.

పనిచేసేవాడి మాట వినకపోతే ఎంత దూరం పోతుందో లోకం ఒకసారి చూసింది. 1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ అంతరిక్ష నౌక ఎగిరిన 73 సెకన్లకే ముక్కలైంది. ఏడుగురు చనిపోయారు. రాకెట్టు అతుకు దగ్గర ఉండే రబ్బరు రింగు చలికి బిరుసెక్కి, వేడి గ్యాసును ఆపలేకపోయింది. ఆ చలిలో ఎగరవద్దని రాకెట్టు తయారుచేసిన ఇంజనీర్లు ముందురోజు రాత్రే చెప్పారు. పైవాళ్ళు వినలేదు. అంత పెద్ద దేశంలో, అంత పెద్ద యంత్రంలో కూడా కథ ఒక సీలు దగ్గరా, వినని ఒక మాట దగ్గరా తేలింది.

అందుకని మేము ఈ కోరికలు యాజమాన్యం ముందు పెట్టాం. ఒకటి, డ్రైవరు జీతంలో కోసిన మూడు నెలల మొత్తం తిరిగి ఇవ్వాలి, ఆయిల్ అమ్ముకున్నాడన్న మాటను రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవాలి. రెండు, లాగ్ బుక్కులో గానీ మగ్గం పుస్తకంలో గానీ కార్మికుడు రాసిన ఫిర్యాదుకు కింద సంతకం ఒక్కటే చాలదు. ఏం చేశారో ఒక వరస జవాబు రాయాలి. మూడు, నూనె మరకకు కోత వేసేముందు ఆ యంత్రం సీళ్ళూ గేరు పెట్టెలూ ఫిట్టరు చూసి రాసిచ్చిన కాగితం ఉండాలి. నాలుగు, మరమ్మతు సామాను కొనేటప్పుడు ఆ యంత్రం నడిపేవాడి మాట వినాలి.

మొదటి కోరికలో సగం నెరవేరింది. రెండు నెలల డబ్బు తిరిగి వచ్చింది. మూడో నెలది రాలేదు, ఆ మాటను వెనక్కి తీసుకున్న కాగితమూ రాలేదు. డబ్బుకన్నా ఆ కాగితం తనకు ముఖ్యమని డ్రైవరు అంటున్నాడు. పదహారేళ్ళు స్టీరింగు పట్టినవాడిని దొంగ అన్న మాట ఇంటిదాకా పోయింది, బడికి పోయే పిల్లల చెవిన కూడా పడింది. ఆ కాగితం తెప్పించేదాకా ఈ విషయం కమిటీ ఎజెండాలో మొదటి అంశంగానే ఉంటుంది.

మనవైపు చేయవలసిన పనీ ఉంది. షెడ్డులో ఎవరి మీదైనా కోత పడితే అదే రోజు మీ డిపార్టుమెంటు ప్రతినిధికి చెప్పండి. జీతం చీటీలో తెలియని వరస కనబడితే చీటీ పారేయకండి. యంత్రంలో లోపం కనబడితే నోటితో చెప్పి ఊరుకోకుండా పుస్తకంలో రాయండి, తేదీ వేయండి. మన డ్రైవరును కాపాడింది అతను లాగ్ బుక్కులో రాసిపెట్టిన మూడు వరసలే. డ్రైవర్లూ క్లీనర్లూ రోడ్డు మీదినుంచి తిరిగివచ్చే వేళ చూసి, వాళ్ళకోసం నెలకొక్కసారి ఆదివారం మీటింగు పెట్టాలని కమిటీ తీర్మానించింది.

గేటు పక్కన ఆ నల్లటి మరకను మొన్న రంపపు పొట్టు చల్లి, ఊడ్చి, కడిగారు. పూర్తిగా పోలేదు. సిమెంటు పీల్చుకున్నది అంత త్వరగా వదలదు. ఈసారి అటు పోతే పక్కకు జరక్కండి. ఒక్క క్షణం ఆగి, ఆ రోజు బండి తెచ్చినవాణ్ణి పలకరించండి.